నా పొట్ట చూసి కట్టిన మిరప ధర

మనిషి నవ్వులపాలు కావడానికి లోకంలో చాలా దారులున్నాయి. కానీ నిండు కల్లంలో చొక్కా పైకెత్తి, పొట్ట మీది దద్దుర్లు మిరపకాయల వ్యాపారికి చూపించి, దాంతో ధర పెరిగేలా చేసిన మనిషి పల్నాడు మొత్తంలో నేనొక్కణ్ణేనని నా గట్టి నమ్మకం. ఆ దద్దుర్ల వెనక ప్రాణం మీదకు రాదగ్గ సంగతి ఒకటి ఉంది. అది చెబుతాను. మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. బతికే ఉన్నాను కాబట్టే రాస్తున్నాను.

నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. పేరు దావీదు. పద్ధతి గల మనిషినని పేరు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. మా బీరువాల్లో బట్టలు తక్కువ, డైరీలు ఎక్కువ. ఫలానా ఏడు ఫలానా రోజు వంకాయ కూరలో ఉప్పెక్కువైందని ఈ రోజుకీ రుజువుతో చూపించగలను. అందుకే నా భార్య నా దగ్గర పాత సంగతులు ఎత్తదు.

రిజర్వాయరు తూములకు నీటి అడుగున తలుపులుంటాయి. వాటిని ఏటా చూడాలి. మునిగేది కాంట్రాక్టరు పంపిన డైవరు, సంతకం పెట్టేది నేను. "ఎలా ఉందయ్యా తలుపు?" అంటే నీళ్ళు కారుతూ, "బానే ఉందండి" అనేవాడు. నేను 'తలుపు బాగానే ఉన్నది' అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. వండినవాడి మాట మీద కూరలో ఉప్పు సరిపోయిందని రాసిచ్చినట్టు ఉండేది నాకు. ఉద్యోగంలో చాలా ఏళ్ళు ఈ బాధ పడ్డాక, యాభై దాటిన వయసులో విశాఖపట్నం వెళ్ళి స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను.

నేర్పినావిడ నళిని గారు. వయసుకు మా అమ్మాయిలాంటిది, గొంతు మాత్రం హెడ్మాస్టరుది. నీళ్ళలో మునిగిన మనిషి సంగతి ఆవిడ మొదటి రోజే గోళీసోడాతో చెప్పింది. లోతుకు పోయేకొద్దీ మనం పీల్చే గాలిలోని నత్రజని, అంటే నైట్రోజన్, సోడాలో గ్యాసు కలిసినట్టు రక్తంలోనూ కండల్లోనూ కలిసిపోతుంది. మెల్లగా పైకొస్తే మెల్లగా బయటికి పోతుంది. గబుక్కున వస్తే గోళీ కొట్టిన సోడాలా ఒంట్లోనే పొంగుతుంది. ఆ బుడగలు చర్మంలో ఆగితే దురద, కీళ్ళలో చేరితే నొప్పి, వెన్నులోకి పోతే ఇక మంచమే.

ఈ లెక్కలు చూడటానికి చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటరు ఒకటుంటుంది. చూడటానికి లావుపాటి గడియారం. ఎంత లోతులో ఎంతసేపున్నావో చూసుకుని, ఇంకా ఎంతసేపు ఉండొచ్చో, ఎంత నెమ్మదిగా పైకి రావాలో చెబుతుంది. అంతా క్షేమమైతే పచ్చ గీత చూపిస్తుంది. నేను ఒకటి కొన్నాను. కొన్న రోజునే అది నన్నొక ప్రశ్న అడిగింది, లెక్క ఎంత జాగ్రత్తగా కట్టమంటావని. వయసు మళ్ళినవాళ్ళు, ఒళ్ళు వంచి పనిచేయబోయేవాళ్ళు జాగ్రత్త పెంచుకోవాలని నళిని గారు చెప్పింది. నేను సున్నా పెట్టాను. జాగ్రత్త పద్ధతి లేనివాళ్ళకు కావాలిగానీ నాకెందుకు?

ఆ గడియారమంటే నాకు మనసు పడటానికి అసలు కారణం ఇంకోటుంది. అది కూడా డైరీ రాస్తుంది. ఎప్పుడు మునిగాను, ఎంత లోతు, నీళ్ళు ఎంత చల్లన, అన్నీ రాసి పెట్టుకుంటుంది. జీవితంలో మొదటిసారి నాలాంటివాడు ఒకడు దొరికాడనిపించింది. పెళ్ళిళ్ళకు కూడా దాన్నే కట్టుకుని వెళ్ళేవాణ్ణి. భోజనాల బంతిలో పక్కవాళ్ళు టైమెంతైందని అడిగితే లోతు కూడా చెప్పేవాణ్ణి. బంతిలో లోతు సున్నా.

ఇలాంటి మనిషికి పిడుగురాళ్ల దగ్గర పల్లెలో ఉన్న చెల్లెలింటి నుంచి ఫోనొచ్చింది. మా చెల్లెలు రూతమ్మ, ఆమె భర్త యేసుపాదం మిరప వేస్తారు. వాళ్ళ చేను పక్కనే సున్నపురాయి తీసి వదిలేసిన క్వారీ గుంట ఉంది. దాన్నిండా నీళ్ళు. ఖాళీ డ్రమ్ముల మీద మోటారును తేలేలా కట్టి ఆ నీళ్ళే చేలకు పెడతారు. తాడు తెగి మోటారు అడుగుకు పోయింది. మొదటి కోత కాయ కల్లంలో ఎండుతోంది, రెండో కోత కాయ చెట్టు మీదుంది. ఆ చెట్టుకు ఒక్క తడి పడకపోతే కాయ ముడుచుకుపోతుంది, ఏడాది కష్టం సగానికి సగం పోతుంది.

"ఎంత లోతుంటుంది?" అని అడిగాను.

"దాని లోతు చూసినవాడు పైకొచ్చి చెప్పలేదు బావగారూ," అన్నాడు యేసుపాదం. "డైవరు వచ్చే వారం గానీ రాడంట. అప్పటికి చెట్టుండదు."

"నేనుండగా డైవరెందుకు బావా?" అన్నాను.

ఈ మాటన్న మనిషిని ఇప్పుడు తలచుకుంటే, వెళ్ళి వాడి భుజం తట్టి, కాస్త మజ్జిగ తాగి పడుకోమని చెప్పాలనిపిస్తుంది.

మా కాంట్రాక్టరు దగ్గర సిలిండరూ మిగతా సరంజామా అరువు తీసుకుని వెళ్ళాను. తోడు లేకుండా మునగకూడదని నళిని గారు నేర్పిన మొదటి పాఠం. ఊరంతా గట్టు మీదే ఉంది కదా, ఇంతకంటే తోడేముంటుందని సర్దిచెప్పుకున్నాను. దిగేముందు రూతమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. యోనాను చేప కడుపులోంచి కాపాడిన దేవుణ్ణి పిలిచి, అక్కణ్ణుంచి నెమ్మదిగా మా వంశంలో ఒక్కొక్కరి దగ్గరికీ వస్తోంది. నేనింకా మునగకముందే సిలిండరు ఇక్కడే అయిపోతుందేమోనని భయమేసి, "ఆమెన్" అని నేనే అనేసి దిగాను.

అడుగున మోటారు దొరికింది. రెండు బండల మధ్య ఇరుక్కుని, సగం సున్నపు బురదలో కూరుకుపోయి ఉంది. మెల్లగా లాగాను. రాలేదు. గట్టిగా లాగాను. నాకే నడుం పట్టింది. వెంట తీసుకెళ్ళిన పలుగు బండ కింద పెట్టి, కాళ్ళు తన్నిపెట్టి ఎత్తాను. కమ్మరి కొలిమి తిత్తిలా ఊపిరి పీలుస్తున్నాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బురద లేచి ఏమీ కనిపించటం లేదు. ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే గడియారం మాత్రం కనిపించింది. పచ్చగా ఉంది. ఇంట్లో పెళ్ళైతే ఊళ్ళో కుక్కలకు హడావుడంటారు గానీ, ఇక్కడ ఒళ్ళంతా హడావుడైనా చేతి మీది గడియారానికి చీమ కుట్టినట్టు లేదు. అంత నిబ్బరంగా ఉందంటే నాకేమీ కాలేదన్నమాటేనని ఇంకాసేపు పలుగు వేశాను.

మోటారు కదిలింది. తాడు కట్టాను. పైకి రావడం మాత్రం పాఠంలో చెప్పినట్టే వచ్చాను. నెమ్మదిగా, మధ్యలో ఆగమన్నచోట ఆగి, ఆగమన్నంతసేపూ ఆగి. నేను గట్టెక్కాక ట్రాక్టరుకు తాడు కట్టి లాగితే, మోటారు తెల్లటి బురద కార్చుకుంటూ తేలింది. ఊరంతా చప్పట్లు. యేసుపాదం నన్ను కావలించుకున్నాడు. డైవ్ చేసిన రోజు బరువులెత్తకూడదు, పరుగెత్తకూడదు, నీడన కూర్చుని నీళ్ళు తాగాలి, ఇది నళిని గారి మరో పాఠం. నేను బుద్ధిగా వెళ్ళి వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చున్నాను. కథ ఇక్కడ ఆగితే నేను వీరుణ్ణి.

అప్పుడు పడమట మబ్బు లేచింది.

మిరప పండించే ఊళ్ళలో ఒక కట్టుబాటుంది. కల్లంలో కాయ పరిచి ఉండగా మబ్బు పట్టిందంటే, కనుచూపు మేరలో ఉన్న ప్రతి మనిషీ పరుగెత్తాలి. కోర్టులో కొట్టుకుంటున్నవాడైనా సరే, చుట్టపుచూపుగా వచ్చినవాడైనా సరే, వచ్చి కాయ పోగుచెయ్యాలి, బస్తాల్లోకి ఎత్తాలి, టార్పాలిన్ పట్టాలు కప్పాలి. తడిస్తే కాయ నల్లబడుతుంది, మరి ఎవడూ కొనడు. మబ్బు చూసి కూర్చున్నవాడిని ఆ ఊరు మూడు తరాలు చెప్పుకుంటుంది.

గట్టు మీది జనమంతా కల్లం వైపు పరుగెత్తారు. మంచం మీద నేనొక్కణ్ణే మిగిలాను. నా ముందునుంచే ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని పరుగెడుతూ ఒక్కసారి నా వైపు చూసింది. ఏమీ అనలేదు. అనుంటే బావుండేది.

కానీ నేను పద్ధతి గలవాణ్ణి కదా, ఊరికే లేవను. గడియారం చూశాను. తెర మీద విమానం బొమ్మ ఉంది, దాని మీద అడ్డంగా గీత ఉంది. అంటే ఈ రోజు విమానమెక్కరాదు. ఇంకా వెతికాను. మిర్చి టిక్కీ బొమ్మ ఎక్కడా లేదు. టిక్కీ అంటే మా దగ్గర ఎండుమిరప బస్తా. సర్కారు ఉద్యోగంలో ఇన్నేళ్ళు నేర్చుకున్న సూత్రం ఒకటే: ఉత్తర్వులో వద్దని లేనిది చెయ్యొచ్చు. విమానం వద్దంది. టిక్కీ వద్దనలేదు. లేచాను.

ఎత్తిన టిక్కీల లెక్క డైరీలో రాయలేదు, కాబట్టి చెప్పలేను. చాలా ఎత్తాను. క్వారీల్లో రాళ్ళు కొట్టే ఊరి కుర్రాళ్ళు కూడా నన్ను చూసి, "ఇంజనీరు గారూ, మెల్లగా" అంటుంటే ఇంకా వేగం పెంచాను. వీపు మీద టిక్కీ, చేతికి గడియారం. పట్టాల మీద ఆఖరి రాయి పెట్టేసరికి మబ్బు మమ్మల్ని ఒకసారి చూసి, పక్క ఊరి మీదుగా వెళ్ళిపోయింది. ఒక్క చినుకు లేదు.

చెమట ఆరకముందే దురద మొదలైంది. పొట్ట మీద, భుజాల మీద. చొక్కా విప్పి చూస్తే ఎర్రగా, మచ్చలు మచ్చలుగా, చలువరాతి మీది గీతల్లా దద్దుర్లు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. కల్లం తొక్కనేల ఒళ్ళు గోకనేల అని నాకు నేనే నవ్వుకున్నాను. మిరప కల్లంలో పనిచేసినవాడికి మంట రాకపోతేనే వింత.

"తేజ రకం కాయ బావగారూ. మా చేలోది ఇంకా ఘాటు," అన్నాడు యేసుపాదం. కొడుకు ఫస్టుక్లాసులో పాసైనట్టు అతని ముఖం వెలిగిపోతోంది. రూతమ్మ మజ్జిగ రాయమంది, పక్కింటామె కొబ్బరినూనె అంది. నేను పద్ధతి ప్రకారం పొట్టకు కుడివైపు మజ్జిగ, ఎడమవైపు కొబ్బరినూనె రాసి, ఏది ముందు తగ్గిస్తుందో చూద్దామని కూర్చున్నాను. రెండూ తగ్గించలేదు. ఇంకెవరైనా అయితే ఇది మిరప కాదేమోనని అనుమానించేవారు. నేను 'మిరప ఘాటు మామూలు కంటే చాలా ఎక్కువ' అని తేల్చాను.

సరిగ్గా అప్పుడే వ్యాపారి సుబ్బారావు గారు కల్లాలు చూసుకుంటూ వచ్చాడు. ఆయన కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి గింజ గలగల వింటాడు, విరిచి వాసన చూస్తాడు, ఏదో ఒక వంక పెడతాడు. ఆ రోజు ఘాటు చాలదని వంక పెట్టాడు. యేసుపాదం నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టాడు.

"బావగారూ, ఒకసారి చొక్కా ఎత్తండి."

ఎత్తాను. చెల్లెలి కాపురం కోసం అన్న ఆ మాత్రం చెయ్యడా? సుబ్బారావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నా పొట్ట చూశాడు. మజ్జిగ వైపు చూశాడు, నూనె వైపు చూశాడు.

"ఇదంతా ఈ కాయకేనా?"

"ఊరికే మోశారంతేనండి. తినలేదు," అన్నాడు యేసుపాదం.

సుబ్బారావు గారు అప్పటిదాకా అన్న ధర మీద ఇంకాస్త కలిపాడు. ఎద్దు పుండు కాకికి ముద్దంటారు. ఆ రోజు నా దద్దురు మా బావకు ముద్దొచ్చింది.

ఇంత ఘనకార్యం చేశాక గురువుకు చెప్పకుండా ఉండగలనా? నళిని గారికి ఫోన్ చేశాను. సాయానికి కాదు, గొప్ప చెప్పుకోడానికి. లోతు చెప్పాను, ఎంతసేపున్నానో చెప్పాను, గడియారం మొదట్నుంచి చివరిదాకా పచ్చగానే ఉందని కూడా చెప్పాను.

"ఒంటరిగా దిగారా?" అంది. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం అనుకుందో ఏమో, "లోపల ఏం చేశారు?" అని అడిగింది.

"మోటారు కదిల్చానండి. పలుగుతో."

"పైకొచ్చాక?"

"కల్లంలో చిన్న పని. టిక్కీలు మోశాను."

"టిక్కీ అంటే?"

"మిరపకాయల బస్తా అండి."

"ఒంట్లో ఎలా ఉంది?" అంది.

"దివ్యంగా ఉందండి. మిరప ఘాటుకు పొట్ట మీద కాస్త దురద."

"బస్తాలు పొట్ట మీద పెట్టుకుని మోశారా దావీదు గారూ?"

నేను నా చేతులు చూసుకున్నాను. కాయను ముట్టుకున్నది చేతులు. చేతులకు మంట లేదు, దురద లేదు, ఏమీ లేదు. బస్తా మోసింది వీపు. వీపు చల్లగా ఉంది. మిరపకాయ తాకనే తాకని పొట్ట మండిపోతోంది. డైరీ రాసే మనిషికి ఈ చిన్న లెక్క తట్టలేదు. పక్కనే నిలబడి వింటున్న రూతమ్మకు నా ముఖం చూడగానే అర్థమైంది. కారు తాళాలు తేవడానికి లోపలికి పరుగెత్తింది.

నళిని గారు అప్పుడు అన్న మాటలు ఇంచుమించు ఇవి. "ఆ గడియారానికి తెలిసింది లోతూ, టైమూ. మీరు చేపల్ని చూసుకుంటూ తిరుగుతున్నారనుకుని అది లెక్క కట్టింది. మీరు పలుగేశారు. కష్టపడితే రక్తం పరుగెడుతుంది, అది లెక్క కట్టినదానికంటే ఎక్కువ నత్రజనిని కండల్లోకి తోస్తుంది. ఇప్పుడు కొన్నిట్లో గుండె వేగం కూడా చూస్తున్నారు, అయినా అదీ అంచనాయే. సరే, సోడా మెల్లగా తెరిచారు, బాగుంది. తెరిచిన సోడాను తీసుకెళ్ళి ఎవరైనా అంతసేపు ఊపుతారా?" తర్వాత గొంతు మార్చి, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, తల తిరుగుతోందా, మూత్రం సరిగ్గా వస్తోందా అని ఒక్కొక్కటీ అడిగింది. లేదు, లేదు, వస్తోంది అన్నాను. ఆ మూడు జవాబులూ చెప్పేటప్పుడు నా గొంతులో ధైర్యం ఏమాత్రం లేదని ఒప్పుకుంటున్నాను. కదలకుండా పడుకోబెట్టి వెంటనే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళమంది.

కారు వెనక సీట్లో నన్ను పడుకోబెట్టారు. దారంతా నేను కాలివేళ్ళు కదుపుతూ, అవి కదులుతున్నాయో లేదో యేసుపాదాన్ని చూసి చెప్పమన్నాను. "కదులుతున్నాయి బావగారూ," అని ప్రతి గోతికీ ఒకసారి చెప్పాడు.

టౌన్లో ఆసుపత్రి డాక్టరు కుర్రవాడు. దద్దుర్లు చూసి, మా ప్రాంతపు డాక్టరు ఎవరైనా అడిగేదే అడిగాడు.

"చేలో మందు కొట్టారా?"

"లేదండి, నత్రజని," అన్నాను.

"యూరియా చల్లారా?"

అది కాదని చెప్పి, నళిని గారు ఇచ్చిన డైవింగ్ డాక్టరు నంబరు చేతిలో పెట్టాను. కుర్రవాడైనా మంచివాడు, వెంటనే ఫోన్ చేశాడు. అటువైపు పెద్దాయన చెప్పినట్టల్లా నన్ను గీత మీద నడిపించాడు, సూదితో గుచ్చాడు, కళ్ళు మూయించి వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. నరాలు బాగున్నాయి, చర్మం దగ్గరే ఆగిందన్నాడు. ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టాడు. గంటలు గడిచేకొద్దీ దద్దుర్లు వాలిపోయాయి. తర్వాత విశాఖపట్నంలో ఆ పెద్దాయనే స్వయంగా చూసి, చాలాకాలం నీళ్ళ జోలికి పోవద్దన్నాడు. నళిని గారు నా గడియారం తీసుకుని, సున్నా ఉన్నచోట పెట్టగలిగినంత పెద్ద అంకె పెట్టి నా చేతికిచ్చింది.

ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆ గడియారం రాసిన డైరీ చూశాను. లోతుంది, టైముంది, నీళ్ళు ఎంత చల్లనో ఉంది. కొలిమి తిత్తిలా ఊపిరి పీల్చిన సంగతి ఎక్కడా లేదు. అబద్ధం ఒక్కటీ రాయలేదు, ఆ రోజు జరిగింది మాత్రం రాయలేదు. నాలాంటివాడే దొరికాడని నేనెందుకనుకున్నానో అప్పుడు బాగా తెలిసింది.

మీరడగబోయేది నాకు తెలుసు. మోటారు మర్నాడే మళ్ళీ డ్రమ్ముల మీదికెక్కింది, తడి పడింది, చెట్టు నిలబడింది. రెండో కోత మొదటిదానికంటే బాగా వచ్చింది. ఇక ధర సంగతి. రూతమ్మ అబద్ధం మీద వచ్చినది ఇంట్లో ఉంచుకోదు. దద్దుర్లు మిరపవి కావు, నత్రజనివని సుబ్బారావు గారికి చెప్పి రమ్మని భర్తను పంపింది. యేసుపాదం వెళ్ళాడు, చెప్పాడు. చెప్పాడుగానీ, అతనే నమ్మలేదు.

"నత్రజని గాల్లో ఉంటదంట. ఊరంతా అదే పీలుస్తన్నాం, ఎవడికొచ్చింది దద్దురు?" అన్నాడట. "యూరియా నిండా అదే గదా, నా చేతుల్తో చల్లతన్నా. నత్రజని ఎక్కువైతే చెట్టుకు ఆకు పెరుగుద్ది గానీ దురదెందుకొచ్చుద్ది?"

సుబ్బారావు గారు తలూపి, "నిజమే. చదువుకున్నవాళ్ళు కదా, మిరపకాయకు ఓడిపోయామని ఒప్పుకోలేరు," అన్నాడట. ధర తగ్గించలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మరుసటేడు కోతల కాలంలో మా బావ నుంచి మళ్ళీ ఫోన్.

"బావగారూ, ఒకసారి రావాలి."

"మళ్ళీ మోటారా?"

"మోటారు బానే ఉంది. సుబ్బారావు గారు కల్లంలో కూర్చున్నాడు. గింజ వినమంటే వినడు, వాసన చూడమంటే చూడడు. కాయ తర్వాత, ముందు ఇంజనీరు గారి పొట్ట చూపించండి, ధర చెబుతానంటాడు."

కాబట్టి చదువరులారా, నేను, దావీదు అనే రిటైర్డు ఇంజనీరును, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. గడియారం పచ్చగా ఉన్నంత మాత్రాన నేను పచ్చగా ఉన్నాననుకోను. తోడు లేకుండా మునగను, నీటి అడుగున పలుగు పట్టను. పట్టక తప్పకపోతే గడియారం చెప్పినదానికంటే చాలా ముందే పైకొచ్చి, చెప్పినదానికంటే చాలాసేపు ఆగుతాను. మునిగి వచ్చిన రోజు ఆకాశం విరిగి కల్లం మీద పడ్డా, చీపురు పట్టుకున్న ముసలమ్మలు ఎంతమంది నా వైపు చూసినా, నులకమంచం దిగను. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ కల్లంలోనూ, ఏ వ్యాపారి ముందూ, మిరప ధర కోసం చొక్కా ఎత్తను.

మా చెల్లెలు అడిగితే మాత్రం, ఒకే ఒక్క గుండీ విప్పుతాను.